వంటగట్టు మీద వ్యవసాయం

కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు. ఉత్తరం వైపు బాల్కనీ. అందులో ఒక పక్క వాషింగ్ మెషీను, ఇంకో పక్క బట్టల స్టాండు. మిగిలిన జాగాకి హక్కుదారులు పావురాలు. వల కట్టించినా ఏ సందులోంచో దూరి, చల్లిన తోటకూర విత్తనాలను మొలకెత్తకముందే గింజ గింజా లెక్కపెట్టి తినేశాయి. ఈ వ్యాసకర్త సేద్యం బాల్కనీలోంచి వంటింట్లోకి మారడానికి అసలు కారణం ఇదీ. నీటి పొదుపు, పురుగుమందు లేని ఆకుకూర, శాస్త్రీయ దృక్పథం లాంటివన్నీ భార్యకు ఖర్చు చెప్పాల్సి వచ్చినప్పుడు పుట్టుకొచ్చాయి.

ఖర్చు తొమ్మిది వేల చిల్లర. వచ్చింది ఒక తెల్లటి ప్లాస్టిక్ పెట్టె. ఇడ్లీ కుక్కరుకి చదువుకునే లైటు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. కింద నాలుగు లీటర్ల నీళ్ళు పట్టే తొట్టి, దాని మూతకి పన్నెండు చిల్లులు, చిల్లుకొక బుల్లి గిన్నె, గిన్నెలో స్పాంజి ముక్క, స్పాంజిలో విత్తనం. పైన 24 వాట్ల ఎల్‌ఈడీ దీపం రోజుకి 16 గంటలు వెలుగుతుంది. లోపల బొటనవేలంత పంపు గుడగుడమని నీళ్ళను తిప్పుతూ ఉంటుంది. మట్టి చిటికెడైనా ఉండదు. ఇలాంటి పెట్టెలను అమెరికా వంటిళ్ళకు బాగా అలవాటు చేసింది కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నుంచి 2006లో బజారుకొచ్చిన ఏరోగార్డెన్. కూకట్‌పల్లికి వచ్చింది దానికి వేలు విడిచిన చుట్టం.

విత్తనాలు కంపెనీయే పంపింది. బేసిల్, లెట్యూస్, పార్‌స్లీ, థైమ్. వీటిలో ఏది పప్పులోకి, ఏది పులుసులోకి అని ఇల్లాలు అడిగితే, ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆ ముక్క లేదు. ఐదో రోజుకి బేసిల్ మొలిచింది. నెల తిరిగేసరికి ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టి, వచ్చిన బొటనవేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉండగా తెనాలి దగ్గరి పల్లె నుంచి వ్యాసకర్త తల్లిగారు దిగారు. సంచీ పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా గట్టు దగ్గరికెళ్ళి ఒక ఆకు గిల్లి, నలిపి, వాసన చూశారు.

"ఇది రుద్రజడ గదరా! మన దొడ్లో ఊరికే పడి మొలిచేది. దీనికి లైటెందుకురా?"

అక్షరాలా నిజం. ఎండాకాలంలో షర్బత్‌లో నానేసుకునే సబ్జా గింజలు ఈ మొక్కవే. ఇటలీవాళ్ళు ఆకు నూరి పచ్చడి చేసుకుంటారు, మనవాళ్ళు గింజ దులుపుకుని ఆకుని వదిలేస్తారు. ఆ వదిలేసే ఆకుని కరెంటు పెట్టి పెంచిన మొదటి మనిషిగా ఆ పల్లెలో వ్యాసకర్త పేరు ఆ సాయంత్రం ఫోన్లోనే మారుమోగిపోయింది.

ఈ విద్యకి హైడ్రోపోనిక్స్ అని పేరు పడింది 1937లో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పనిచేసిన విలియం ఫ్రెడరిక్ గెరికే తొట్లలో ఎరువు నీళ్ళు పోసి పాతిక అడుగుల టమాటా తీగలు పెంచాడు. కాయలు కోయాలంటే నిచ్చెన వేసుకోవాల్సి వచ్చేది. మొదట దీన్ని ఆక్వాకల్చర్ అందామనుకున్నాడు గానీ ఆ పేరు అప్పటికే చేపల పెంపకం వాళ్ళు పట్టుకుపోయారు. భీమవరం వైపు వాళ్ళకి ఈ సంగతి వివరించనక్కర్లేదు. అప్పుడు సెచెల్ అనే తోటి ప్రొఫెసరు రెండు గ్రీకు మాటలు అతికించి ఇచ్చాడు. హైడ్రో అంటే నీరు, పోనోస్ అంటే చాకిరీ. వెరసి నీటిచాకిరీ. పెట్టె మీద ఈ తెలుగు మాట అచ్చువేసి ఉంటే తొమ్మిది వేలు మిగిలేవని వ్యాసకర్త నమ్మకం.

మట్టి లేనిచోట దీన్ని మించింది లేదన్నది మాత్రం ఒప్పుకోవాలి. పసిఫిక్ సముద్రం నడుమ వేక్ అనే పగడపు దీవి ఉంది. 1930లలో పాన్ అమెరికన్ కంపెనీ విమానాలు అక్కడ ఆగేవి. ప్రయాణికులకి తాజా కూరలు పెట్టడానికి గెరికే పద్ధతినే నమ్ముకున్నారు. పద్ధతి కాస్త వేరైనా, అంతరిక్ష కేంద్రంలో 2015 ఆగస్టులో వ్యోమగాములు తాము పెంచుకున్న ఎర్ర లెట్యూస్ తిన్నారు. మరి కూకట్‌పల్లి సంగతో? ఇక్కడ రైతుబజారు ఉంది. పది రూపాయలు పెడితే కట్ట తోటకూర, బతిమాలితే పైన రెండు రెబ్బల కరివేపాకు. వ్యోమగామికి ఆ సదుపాయం లేదు.

చాకిరీ మొదటి విడత సీసాలతో వచ్చింది. మొక్కకి మట్టి ఇచ్చే తిండంతా నీళ్ళలోనే ఇవ్వాలి. జర్మనీలో సాక్స్, క్నాప్ అనే ఇద్దరు 1860ల నాటికే ఈ వంటకం రాసిపెట్టారు. కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్, పొటాషియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, చిటికెడు ఇనుము. ఇప్పుడది ఎ, బి అని రెండు సీసాల్లో వస్తుంది. రెండింటినీ విడివిడిగా, బోలెడు నీళ్ళలో కలపాలని సీసా మీద రాసి ఉంది. మన కథానాయకుడికి సీసా మీద రాతలు చదివే అలవాటు లేదు. స్టీలు గ్లాసులో రెండూ మూతెడు మూతెడు పోసి స్పూనుతో తిప్పాడు. రెండు నిమిషాల్లో నీళ్ళలాంటి మందు పాలవిరుగుడులా తెల్లబడి, అడుగున సున్నంలాంటి మడ్డి దిగింది. ఒక సీసాలోని కాల్షియం, ఇంకోదాంట్లోని సల్ఫేటు కలిసి జిప్సమ్ అయ్యాయి. జిప్సమ్‌తో ఫాల్స్ సీలింగ్ వేసుకోవచ్చు గానీ మొక్క తాగలేదు. ఆ గ్లాసు మళ్ళీ కాఫీకి వాడలేదు. ఇప్పటికీ గట్టు మూలన ముద్దాయిలా నిలబడి ఉంది.

రెండో విడత నీళ్ళు. అపార్టుమెంటు బోరు నీళ్ళు బకెట్‌కే తెల్లటి చారలు పట్టించే రకం. ఈ సేద్యానికి నీటి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. పరీక్ష చుక్కలు వేస్తే గాజు గొట్టం నీలమణిలా మెరిసింది. అంటే ఎనిమిది దాటినట్టు. ఆ నీళ్ళలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. కొత్త ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా, పలక మీద గీతలు గీసినట్టు తేలాయి. ఇల్లాలు నిమ్మకాయ పిండమంది. పిండితే సాయంత్రానికి గొట్టంలో రంగు దిగింది, తెల్లారేసరికి మళ్ళీ ఎక్కింది. మూడు రోజుల్లో ఆరు నిమ్మకాయలు ఖర్చయ్యాక ఆర్వో నీళ్ళకి మారారు. మట్టి సేద్యంతో పోలిస్తే ఈ పద్ధతిలో నీళ్ళు చాలా ఆదా అని గొప్పగా చెప్పుకుంటారు, అది నిజమే కూడా. కాకపోతే ఇంట్లో ఆర్వో మెషీను ఒక లీటరు మంచినీళ్ళు ఇచ్చేలోపు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. అలా పట్టిన బకెట్లతో ఇల్లంతా రోజూ తుడవడం వల్ల ఆ నెలల్లో ఫ్లాటు మెరిసిపోయిందని మాత్రం చెప్పుకోవాలి.

అసలు సంగతి నీళ్ళూ కాదు, మందులూ కాదు. గెరికే టమాటాలు చూసి అమెరికా జనం వెర్రెక్కిపోతే, అదే విశ్వవిద్యాలయంలోని హోగ్లండ్, ఆర్నన్ అనే ఇద్దరు నిదానంగా పరీక్ష చేశారు. మంచి మట్టిలో పండేదానికంటే నీళ్ళలో గొప్పగా ఏమీ పండదని, వెలుతురు లాంటివే పంటకి హద్దు గీస్తాయని 1938లో చిన్న పుస్తకం వేశారు. వాళ్ళ ఎరువు నీళ్ళ పాళ్ళనే ఈనాటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. వాళ్ళ హెచ్చరికని ఎవరూ పట్టించుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్లు కురుస్తుంది. గట్టు మీది పెట్టె వైశాల్యం చదరపు మీటరులో పదో వంతు. ఆరుబయట పెడితే ఆ పెట్టె మీద సూర్యుడు 100 వాట్లు ఊరికే పోసేవాడు. లోపల దీపం మింగేదే 24, వెలుతురుగా ఇచ్చేది అందులో సగం. పన్నెండు మొక్కలు దాన్నే పంచుకోవాలి. నెలకి పదకొండున్నర యూనిట్ల కరెంటు కాలితే అయ్యేది ఆకు. కాయ కాయాలంటే మొక్కకి ఇంతకు ఎన్నో రెట్ల వెలుతురు కావాలి.

ఇది తెలియక ముందే రెండు చిల్లుల్లో చెర్రీ టమాటా వేశాడు. తీగలు దీపాన్ని ఎత్తుకుపోయేలా పెరిగాయి. పూలు కూడా పూశాయి, పూసినవి పూసినట్టే రాలాయి. టమాటా పువ్వుకి తేనెటీగ చాలదు. పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్ళంతా అదిరించే తుమ్మెద లాంటిది కావాలి, అప్పుడే పుప్పొడి రాలుతుంది. బయట అయితే గాలికి ఊగైనా రాలుతుంది. నాలుగో అంతస్తు వంటింట్లో తుమ్మెద రాదు, ఎగ్జాస్ట్ ఫ్యాను తప్ప గాలి లేదు. దీనికి గ్రీన్‌హౌస్ వాళ్ళు ఒకప్పుడు అదిరే కడ్డీలు వాడేవారు. ఇళ్ళలో పెంచేవాళ్ళు బ్యాటరీ టూత్‌బ్రష్ వాడతారు. పువ్వు వెనక కాడకి ఆనించి మూడు సెకన్లు మోగిస్తే చాలు.

పొద్దున్న ఆరింటికి, లుంగీ మీద, పువ్వు తర్వాత పువ్వుకి బ్రష్ ఆనిస్తూ తుమ్మెద ఉద్యోగం చేస్తుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏమండీ, అది నా బ్రష్షేనా?"

ఈ సంభాషణ మిగతా భాగం పత్రికలో వేయదగింది కాదు. పంట మొత్తం పదకొండు కాయలు. వాటితో చారు పెడితే ఒకరికి సరిపోయింది. ఆ ఒక్కరు ఎవరన్నది బ్రష్ సొంతదారే తేల్చారు.

తల్లిగారి కోరిక గోంగూర. ఇక్కడ మాత్రం శాస్త్రం వ్యాసకర్త పక్షాన నిలబడింది. గోంగూర పొద్దు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో పూతకి వచ్చే మొక్క. రోజుకి 16 గంటల దీపం కింద దానికి పూత జ్ఞాపకమే రాదు, ఆకు వేస్తూనే ఉంటుంది. ఈ తర్కం తల్లికి వివరించి చెప్పి, విత్తనం వేశాడు. గోంగూర కూడా చెప్పినట్టే చేసింది, కాకపోతే ఆకుకంటే కాడ ఎక్కువ వేసింది. దీపం కడ్డీ లాగితే జానెడున్నర లేస్తుంది. గోంగూర దాన్ని మూడు వారాల్లో దాటి, ఎల్‌ఈడీకి నెత్తి ఆనించి మాడ్చుకుంది. కోస్తే వచ్చింది గుప్పెడు. వేయిస్తే అది స్పూనులోకి దిగింది. తల్లిగారు దాన్ని అన్నం ముద్దకి నంజుకుని, "రుచి బానే ఉందిరా, ఏదీ ఇంకాస్త వెయ్యి," అన్నారు. ఇంకాస్త లేదు.

మే నెల వచ్చింది. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది, వేరుకి ఊపిరాడదు. పక్కనే స్టవ్, పైన దీపం, బయట నలభై దాటిన ఎండ. తొట్టిలో చెయ్యి పెడితే స్నానానికి తోడుకున్న నీళ్ళలా ఉన్నాయి. ఒకరోజు మూత ఎత్తితే తెల్లగా ఉండాల్సిన లెట్యూస్ వేళ్ళు టీ పొడి రంగులో జిగురుగా వేలాడుతున్నాయి. వాసన మురిగిపోయిన కుడితి. పిథియం అనే కుళ్ళు ఇలాంటి గోరువెచ్చని నీళ్ళ కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చి వేసి రెండు రోజులు వైద్యం చేశారు. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ చల్లటి నీళ్ళు లేవు. మూడో రోజు పన్నెండు చిల్లులూ ఖాళీ అయ్యాయి.

పెట్టె అటక ఎక్కాల్సిందే. అటక ఎక్కించాల్సిన మనిషి బద్ధకస్తుడు కావడం వల్ల గట్టు మీదే ఉండిపోయింది. ఒక సాయంత్రం తల్లిగారు రైతుబజారులో కొన్న పుదీనా కట్ట విప్పి, ఆకు దూసుకుని, పారెయ్యబోయిన కాడలు నాలుగింటిని చూసి ఏమనుకున్నారో, ఆ చిల్లుల్లో గుచ్చేశారు. స్పాంజి లేదు, విత్తనం లేదు, ఎ లేదు, బి లేదు. తొట్టిలో పాత నీళ్ళే.

లండన్‌లో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయన 1699లో ప్రచురించిన పరీక్షలు చేసింది సరిగ్గా పుదీనా జాతి మొక్కతోనే. వాన నీళ్ళలో, థేమ్స్ నది నీళ్ళలో, హైడ్ పార్క్ కాలువ నీళ్ళలో, తోట మట్టి కలిపిన నీళ్ళలో కాడలు పెట్టి తూచాడు. నీళ్ళు ఎంత మురికైతే మొక్క అంత బాగా పెరిగిందని తేలింది. తల్లిగారు ఆయన పేరు వినలేదు. పది రోజుల్లో కాడలకి తెల్లటి వేళ్ళు, నెలకి పచ్చడికి సరిపడా ఆకు వచ్చాయి. నీళ్ళు తగ్గినప్పుడు ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళో, గుర్తుంటే ఒక మూత మందో పోశారు. గుర్తులేకపోతే పోయలేదు.

శ్రావణ మాసంలో ఆవిడ ఊరికి వెళ్ళాక, చేతికి వచ్చిన తోటను శుభ్రం చేద్దామని వ్యాసకర్త మూత ఎత్తాడు. నీళ్ళు సగానికి దిగి ఉన్నాయి. పైభాగం వేళ్ళు తేమ గాలిలో వేలాడుతూ, చివర్లు మాత్రం నీళ్ళని ముట్టుకుంటున్నాయి. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన క్రాట్కీ ఇదే ఏర్పాటుని పద్ధతిగా నిలబెట్టాడు. నీరు దిగిన కొద్దీ మధ్యలో మిగిలే ఆ ఖాళీలోంచే వేళ్ళు గాలి పీలుస్తాయి గనక, గాలి కోసం నీళ్ళని తిప్పే పంపు అక్కర్లేదంటాడు ఆయన. ఇక్కడైతే పుదీనా వేళ్ళు పంపు నోట్లోకి దూరి, చుట్టలు చుట్టుకుని దాని పీక నులిమేసినట్టు కనిపించాయి. గుడగుడ ఎప్పుడు ఆగిందని భార్యని అడిగితే, "మీరు దానికి ఐసు వేసినప్పటి నుంచే రావట్లేదు కదండీ," అంది, పచ్చడిలోకి కాడలు తుంచుకుంటూ.