పారేయడానికి చోటు లేదు సార్!

ఆఫీసు మెయిల్‌లో డిలీట్ బటన్ ఉద్యోగి తృప్తి కోసం పెట్టింది. నొక్కుకోవచ్చు. మెయిల్ మాత్రం ఎక్కడికీ పోదు.

మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ సంగతే చూడండి. డిలీటెడ్ ఐటెమ్స్‌లోంచి కూడా తుడిచేసిన మెయిల్ ‘రికవరబుల్ ఐటెమ్స్’ అనే అటకెక్కుతుంది. మామూలుగా అక్కడ 14 రోజులు, ఐటీ వాళ్లు దయతలిస్తే 30 రోజులు ఉండి ఆపైన పోతుంది. ఈలోగా లీగల్ వాళ్లు వచ్చి “దావా ఉంది, ఏదీ పోకూడదు” అన్నారంటే లిటిగేషన్ హోల్డ్ పడుతుంది. ఇక అటకెక్కినవి దిగవు.

ఇది తెలియని మేనేజరు గారు ఆ వెండరు వ్యవహారం మెయిల్‌ని రాత్రి పూట తుడిచి, రికవర్ లిస్టులోంచి కూడా తుడిచి, హాయిగా పడుకుంటారు. అది ‘పర్జెస్’ అనే మూల చేరుతుంది. ఆయనకి కనిపించదు, లాయరు వెతికితే కనిపిస్తుంది. ఇంకాస్త తెలివైనవారు తుడవరు, లోపలి మాటలు మార్చి సేవ్ చేస్తారు. పాత ప్రతి ‘వెర్షన్స్’లో భద్రం. ఒకటి మాయం చేయబోతే సాక్ష్యాలు రెండయ్యాయి.

హోల్డ్ పడగానే ఈ అటక 30 జీబీ నుంచి 100 జీబీ అవుతుంది. ఏ ఉద్యోగి జీతమూ ఇంత చకచకా మూడింతలు దాటిన దాఖలా లేదు. ఇది అసలు మెయిల్‌బాక్స్ కోటా లెక్కలోకి రాదు కాబట్టి పైకి అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఆ 100 కూడా నిండిననాడు తెలుస్తుంది.

“బాబూ, మెయిల్ డిలీట్ అవట్లేదేంటి?”

“చోటు లేదు సార్.”

“చోటు లేదనే కదయ్యా డిలీట్ చేస్తోంది!”

“ఆ చోటు వేరు సార్. ఇది డిలీట్ చేసినవి పెట్టే చోటు.”

“అయితే అక్కడివి డిలీట్ చెయ్యి.”

“లీగల్ వాళ్లు ఒప్పుకోరు సార్.”

మందు లేకపోలేదు. ఆర్కైవ్ మెయిల్‌బాక్స్ తెరిచి సరుకంతా అక్కడికి మళ్లించడం. దానంతటది పెరిగేలా పెడితే 1.5 టీబీ దాకా సాగుతుంది.

ఈ హోల్డ్ జాగ్రత్త ఊరికే పుట్టలేదు. 2001లో ఎన్రాన్ కాగితాలు చింపిన ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ ఏమైందో అందరికీ తెలుసు. న్యూయార్క్‌లో లారా జుబులేక్ యూబీఎస్ మీద వేసిన దావాలో, పోయిన మెయిళ్లు కంపెనీకి ప్రతికూలంగానే ఉండేవని జ్యూరీ అనుకోవచ్చని న్యాయమూర్తి చెప్పారు. 2005లో తీర్పు 2.9 కోట్ల డాలర్ల పైచిలుకు. కాబట్టి హోల్డ్ మీద నాకు ఫిర్యాదు లేదు. దావా అయిదుగురి మీదైతే అయిదువేల మందికి హోల్డ్ వేసి, గడువు గళ్లు ఖాళీగా వదిలేసి, వేసినాయన వేరే కంపెనీకి వెళ్లిపోతాడే, దాని మీదే ఫిర్యాదంతా.

ఎవరో గుర్తుపెట్టుకుని ఆ హోల్డ్ తీసేశారనుకోండి. అప్పుడు ‘డిలే హోల్డ్’ అని మరో 30 రోజులు. పొరపాటున తీశారేమోనని.

ఉద్యోగం పోయినవాడి ఐడీ కార్డు ఆ సాయంత్రమే లాక్కుంటారు. హోల్డ్‌లో ఉన్న అతని మెయిల్‌బాక్స్ మాత్రం ‘ఇనాక్టివ్’ పేరుతో అక్కడే ఉంటుంది. పాపం, పర్మనెంట్ చేయమని అతను పెట్టుకున్న అర్జీ కూడా అందులోనే ఉంది.