సీమ నుంచి సముద్రానికి సకుటుంబంగా పోవు విధము

మీది కడపైనా కర్నూలైనా, సముద్రంలో దిగాలంటే ముందు దాన్ని వెతుక్కోవాలి. రెండు జిల్లాల్లోనూ అది లేదు. కడప వాళ్లు బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, అక్కణ్ణుంచి ఇంకో పాతిక కిలోమీటర్లు పోతే మైపాడు బీచ్. కర్నూలు వాళ్లు నంద్యాల, గిద్దలూరు మీదుగా చీరాల దాకా పోతే వాడరేవు, మూడొందల కిలోమీటర్లకు పైమాటే. ఆత్మకూరు పేరు విని కర్నూలు వాళ్లు తొందరపడొద్దు. మీ ఆత్మకూరు వేరే. అక్కడికి పోయి సముద్రమెక్కడని అడిగితే నల్లమల అడవి చూపిస్తారు.

రోజు ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. కార్తీక పౌర్ణమికే పెట్టుకోండి. చుట్టుపక్కల జనమంతా ఆరోజే సముద్ర స్నానానికి దిగుతారు కాబట్టి నీళ్లు కనిపించవు, తలకాయలే కనిపిస్తాయి. తొలిసారి చూసేవాళ్లకు గుండె ఝల్లుమనకుండా ఉంటుంది.

బండి తుఫాన్ మాట్లాడుకోవడం ఉత్తమం. తుఫానంటే కోస్తా వాళ్లు పడవలు ఒడ్డుకు లాక్కుంటారు. అదే తుఫానెక్కి సముద్రానికి పోవడం మనకే చెల్లింది. డ్రైవరు పన్నెండు మందికి మించి వద్దంటాడు. సరేనని తలూపి, పిల్లల్ని లెక్కలోంచి తీసేయండి. తెల్లారుజామున నాలుగింటికే బయల్దేరాలని రాత్రి గట్టిగా తీర్మానం చేసుకోవాలి. ఏడింటికి బయల్దేరతారు.

ఇక అసలు సంగతి, నీళ్లు. ఇరవై లీటర్ల క్యాన్లు ఎన్ని పడితే అన్ని ఎక్కించండి. సముద్రానికి నీళ్లు మోసుకుపోవడమేమిటని నెల్లూరు చుట్టం నవ్వితే నవ్వనివ్వండి. వెయ్యడుగులు బోరేసి దుమ్ము చూసిన ఇంటివాళ్లు పక్క ఊరి నీళ్లను నమ్మరు. కాళ్ల దగ్గర క్యాన్లు, ఒళ్లో గిన్నెలు, గిన్నెల మీద పిల్లలు. చిత్రాన్నం, ఊరిమిండి, ఉడకేసిన సెనక్కాయలు, ఓళిగలు, దారిలో నమలడానికి బొరుగులు. నెల్లూరు చేపల పులుసుకు దేశమంతా పేరుంది గదా, ఒకపూట తిందామని ఎవరో ఒక అల్లుడు అంటాడు. చేసి తెచ్చింది ఎవరు తినాలంటూ అత్త చూసే చూపుతో ఆ చర్చ ముగుస్తుంది.

మైపాడు చేరాక సరుగుడు చెట్ల కింద దుప్పటి పరిచి ముందు భోజనం కానివ్వండి. నీళ్లను తర్వాత చూడొచ్చు, అవెక్కడికీ పోవు. గాలికి చిత్రాన్నంలో ఇసుక పడుతుంది. తీయడానికి ప్రయత్నించకండి, దొరికేది ఇసుక కాదు, పోపులో సెనగపప్పు.

జేజిని మాత్రం అలల దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడదు. దోసిట్లో నీళ్లు తీసుకుని, నాలుకకు తగిలించి, తుపుక్కున ఊసి అప్పుడంటుంది: "ఇన్ని నీళ్లు పెట్టుకోని ఒక్క మడి గూడా పారదంటనా! ఏం లాభం నాయనా?" దీనికి జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మాట మార్చడం చిన్నాయన పని. నంది కొండల్లో పుట్టిన పెన్న గండికోట చీల్చుకుని, చెన్నూరు, సిద్దవటం పక్కగా పారి, సోమశిల దాటి, ఇక్కడికి దగ్గర్లోనే ఊటుకూరు కాడ సముద్రంలో కలుస్తుందని ఆయన వివరిస్తాడు. "ఈ ఇసుకంతా మన ఏటిదే జేజీ, ట్రాక్టర్ల వాళ్లు ఎత్తుకోంగ మిగిలింది" అని మనవడు అందుకోవాలి. అప్పుడు జేజి కొంగు చివర పిడికెడు ఇసుక ముడేసుకుంటుంది. వద్దనకండి.

స్నానం దగ్గర వెటకారం ఆపి ఒక మాట. మనలో చాలామంది నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చినవాళ్లం. బావికి గట్టుంది, మెట్లున్నాయి, నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఇక్కడ వెనక్కి పోయే అల కాళ్ల కింది ఇసుకను తోడుకుపోతుంది, దాంతోపాటు మనిషినీ. మోకాలి లోతు దాటొద్దు. జాలరి వద్దన్నచోట అసలే దిగొద్దు. చేతులు పట్టుకున్నంత మాత్రాన అంతా గట్టెక్కుతామనుకోవద్దు, అందరూ కలిసే పడే వీలూ ఉంది.

సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం చూడ్డానికి ఫోన్లు పట్టుకుని తూర్పుకు తిరిగి నిలబడండి. సినిమాల్లో చూశాం కదా. ఎంతసేపు నిలబడ్డా అక్కడ పొద్దు గుంకదు. బంగాళాఖాతం ఒడ్డున సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడే గానీ నీళ్లలో పడడు. మీ వెనక, సరుగుడు తోపు మీదుగా, కడప దిక్కే పోతుంటాడు. పొద్దున ఏడింటికి బయల్దేరినందుకు ఫలితమిది.

ఒంటికి పట్టిన ఉప్పు కడుక్కోవడానికి మంచినీళ్ల బకెట్ల దగ్గర వరస ఉంటుంది. బీచ్ మొత్తం మీద మన కుటుంబం ఆరితేరిన చోటు ఇదొక్కటే. ట్యాంకరు దగ్గర బిందెలతో పెరిగిన పిన్నమ్మ ముందు నెల్లూరు వాళ్లు నిలవలేరు. ఒక్క బకెట్టుతో ముగ్గురు పిల్లలకు స్నానం చేయించి, మిగిలిన చెంబెడుతో చెప్పులు కూడా కడుగుతుంది.

ఇన్ని తిప్పలు పడలేమనే వాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట సముద్రం మన దగ్గరే ఉండేది. కడప, కర్నూలు రాళ్లలో చాలావరకు అలాంటి నీటి అడుగున పేరుకున్నవే. వంటింట్లో గట్టుగా వేసుకున్న కడప బండ, వరండాలో పరిచిన బేతంచెర్ల బండ రెండూ సున్నపురాళ్లే, వాటి పుట్టుకా పాత సముద్రాల్లోనే. వేంపల్లె దిక్కు రాళ్లలో ఆనాటి నాచు పొరలు పొరలుగా రాయై మిగిలింది. కొన్ని కొండల్లో బండల మీద అలలు గీసిన గీతలు ఇప్పటికీ చెరగలేదు. సముద్రం మన గడప దాకా వచ్చిపోయింది, బయల్దేరడంలో మనకే కాస్త ఆలస్యమైంది.

అందుకని వచ్చే ఆదివారం జమ్మలమడుగు దాకా పోండి. అక్కణ్ణుంచి గండికోట పదిహేను కిలోమీటర్లే. అక్కడి ఇసుక ఎప్పుడో గట్టిపడి కొండైపోయింది, చిత్రాన్నంలో పడదు.