ఐదో ఆదివారం

ఆర్టీసీ డిపోలో డ్యూటీ చార్టులు వేసి రిటైరైనవాడికి ఒక జబ్బు మిగిలిపోతుంది. మనిషి కనబడితే చాలు, ఏ బండి మీద వేద్దామా అని చెయ్యి దురద పెడుతుంది. నాకు ఆ జబ్బు ఉందని మా ఆవిడకు తెలుసు, సంఘానికి తెలియదు. అందుకే 2023 క్రిస్మస్ సందడి ముగిశాక, గుడి పక్కన పాత కుర్చీలు పడేసే గదిని చంటిపిల్లల గదిగా మారుద్దామని కమిటీలో అనుకున్నప్పుడు, "ఎవరెప్పుడు చూసుకోవాలో ఆ లిస్టేదో మీరే వెయ్యండి" అని అయ్యగారు నాకు అప్పజెప్పారు. అడగడమే ఆలస్యం, జేబులోంచి పెన్ను తీశాను.

ఆలోచన మాత్రం మంచిదే. మాది గుంటూరు. ఆరాధన రెండున్నర గంటలు సాగుతుంది. అంతసేపూ చంటిబిడ్డ తల్లి వాక్యం వినేది తక్కువ, గుమ్మం అవతల చెప్పుల మధ్య నిలబడి బిడ్డను భుజాన వేసుకుని జోకొట్టేది ఎక్కువ. గదిలో ఇద్దరు కూర్చుని పిల్లల్ని పట్టుకుంటే ఆ తల్లి లోపల కూర్చుంటుంది. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలని, ఒక్కరినే వదలకూడదని నియమం కూడా పెట్టుకున్నాం. ఒకరు డైపర్ మారుస్తుంటే రెండోవారి కన్ను మిగతా పిల్లల మీద ఉండాలి గదా.

స్త్రీల సమాజం రిజిస్టరు ముందేసుకుని ఎనిమిది పేర్లు ఏరాను. మొదటి ఆదివారానికి ఒక జత, రెండోదానికి ఒక జత, అలా నాలుగు జతలు. నెలకు ఒక్కరోజు డ్యూటీ. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని మురిసిపోయాను. ఎవర్నీ అడగలేదు. డిపోలో ఎవర్ని అడిగాం? బోర్డు మీద అంటించడమే. ఇక్కడ బోర్డుకు బదులు వాట్సాప్ గ్రూపు. చార్టు పెట్టగానే వరసగా దణ్ణం బొమ్మలు వచ్చాయి. అన్నిటినీ ఒప్పుకోలు కింద జమకట్టాను. వాటిలో కొన్ని ఉత్త వందనాలని, కొన్ని "మమ్మల్నొదిలెయ్యండి బాబూ" అని తర్వాత తెలిసింది. ఒకావిడ "ప్రార్థన చేసుకుని చెబుతాను అన్నయ్యగారూ" అని రాస్తే ఆమె భక్తికి ముచ్చటపడ్డాను కూడా. పుట్టినప్పటినుంచీ సంఘంలోనే ఉండి, అది రానని చెప్పడమేనని తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మూడో ఆదివారం జత వదినా మరదళ్లు. ఇంటి స్థలం తగాదాతో ఇద్దరికీ మాటల్లేవట. చాపకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. "ఆ పిల్లాడికి పాలసీసా కావాలేమో చూడమని చెప్పండి" అని ఒకావిడ గోడకు చెబితే, "చూస్తున్నానని చెప్పండి" అని రెండో ఆవిడ కిటికీకి చెప్పేది.

ఇంతకీ ఆ న్యాయమంతా పెద్దవాళ్లకే గాని, గదిలో ఉండాల్సిన పిల్లల్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. ఎనిమిదో నెల, తొమ్మిదో నెల వచ్చేసరికి బిడ్డకు కొత్త ముఖమంటే బెదురు పుడుతుంది. ఈ ఆదివారం కాస్త చనువైన ఆవిడ నా చార్టు ప్రకారం మళ్లీ నెలకు గాని కనబడదు. ఈలోగా ఆవిణ్ణి మరిచిపోవడం, మళ్లీ గుక్కపట్టడం. లోపల కూర్చున్న తల్లికి ప్రసంగం ఒక చెవిన పడితే, ఏడుపు రెండు చెవులా పడేది. రెండో కీర్తన పూర్తికాకుండానే లేచొచ్చి మళ్లీ చెప్పుల మధ్య నిలబడేది.

మొదటి ఆదివారం మా గుడి నిండిపోతుంది. ఆ రోజు ప్రభువు బల్ల. జనం ఎక్కువ కాబట్టి పిల్లలూ ఎక్కువే. అందుకని నాకు బాగా నమ్మకమైన ఇద్దర్నీ ఆ రోజుకు వేశాను. వాళ్లలో ఒకావిడ మాకందరికీ పిన్నమ్మ. వర్షమొచ్చినా మోకాళ్లు నొప్పెట్టినా గంట కొట్టకముందే వచ్చేది. మార్చిలో ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, మెల్లిగా అంది: "జనవరి నుంచీ నాకు బల్ల లేదు నాయనా." ఫిర్యాదు చేసినట్టు లేదు. నాకు తెలిసే వేశాననుకుంది పాపం. ఎవరు బాగా పనిచేస్తారా అని చూశానే గాని, ఆ పని కోసం వాళ్లు ఏం వదులుకుంటున్నారో చూడలేదు. నాలుగో ఆదివారం వేసినవాళ్లకు ఏమీ పోలేదు. ఎక్కువ నమ్మకమైన మనిషికే ఎక్కువ నష్టం పడింది.

అప్పటికైనా చార్టు మార్చానా? ఈస్టరు అయ్యాక చూద్దామన్నాను.

నెలకు నాలుగు ఆదివారాల చొప్పున పన్నెండు నెలలకు 48. ఏడాదికి ఆదివారాలు 52. మిగిలిన నాలుగూ ఎక్కడికి పోతాయని నాకు తట్టలేదు. అవి ఎక్కడికీ పోవు, ఏదో ఒక నెల చివర ఐదో ఆదివారమై వచ్చి కూర్చుంటాయి. ఈస్టరేమో పౌర్ణమిని బట్టి మారుతుంది. మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 25న పౌర్ణమి, ఆ తర్వాతి ఆదివారం 31. నా చార్టు మొదలయ్యాక వచ్చిన మొట్టమొదటి ఐదో ఆదివారం అదే. ఏడాదికి రెండుసార్లు గుడికొచ్చేవాళ్లు కూడా కొత్తబట్టలేసుకుని, చంకన పిల్లల్నేసుకుని వచ్చే రోజు.

గదికి తాళం. తాళంచెవి నాలుగో ఆదివారం చేసినావిడ దగ్గరుంది. మట్టలాదివారం ముగియగానే ఆమె తాళంచెవి సంచిలో వేసుకుని పుట్టింటికి తెనాలి వెళ్లిపోయింది. తప్పు ఆమెది కాదు, తర్వాత ఎవరికివ్వాలో చార్టులో ఉంటేగా. డిపోలో స్పేర్ మనిషి లేకుండా చార్టు వెయ్యనివాణ్ణి, ఇక్కడ స్పేర్ మనిషీ లేదు, స్పేర్ తాళంచెవీ లేదు. షామియానా కింద తల్లులందరూ నా వంక చూశారు. "క్రీస్తు లేచెను" అని లోపల అయ్యగారు అన్న ప్రతిసారీ బయట నలుగురు పిల్లలు లేచారు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లు మెట్లమీదే కూర్చుని, టీ చల్లారేలోగా వేరే ఏర్పాటు చేసేశారు. పిల్లలంటే ఇష్టమున్నవాళ్లు చెప్పండన్నారు. నేను ఏరిన ఎనిమిదిమందిలో ముగ్గురే చెయ్యెత్తారు, నేను ఏరనివాళ్లు ఐదుగురెత్తారు. ఒక మనిషి మూడు నెలలపాటు మారకుండా ఉండాలి, పక్కన సాయం మారొచ్చు. బల్ల వేళకు ఇద్దరు తల్లులొచ్చి గదిలో కూర్చుంటే, చూసుకునేవాళ్లు వెళ్లి పుచ్చుకుని రావాలి. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉండాలి. తేదీల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పిన్నమ్మ నా పాత చార్టును ఫోన్లో పైకీ కిందికీ జరిపి చూసి, "అందరి పేర్లూ ఉన్నాయి గాని, నీ పేరేది నాయనా?" అంది. నేను తడుముకుంటుంటే, పోనీ ఇప్పుడైనా సాయానికి రాసుకుంటామన్నారు. "చంటిపిల్లల్ని ఎత్తుకోవడం వచ్చా అన్నయ్యగారూ?" అని ఒకమ్మాయి మర్యాదగానే అడిగింది.

ఇద్దరు బిడ్డల్ని పెంచినవాణ్ణమ్మా, రాకేం అన్నాను. పక్కన నిలబడ్డ మా ఆవిడకు పొలమారింది.