ప్రళయ ముహూర్త నిర్ణేతలు

పెండ్లికి ముహూర్తము పెట్టించుకొనువారిని మూఢులని నిరసించు కొందరు బోధకులు, లోకమున కంతటికి అంత్యముహూర్తమును తామే నిర్ణయించుట మా కోనసీమలో వినవచ్చు వింతలలో నొకటి. కొబ్బరితోటల నడుమ పందిరి వేయించి, నాలుగు దిక్కులకు మైకులు కట్టించి, ఎక్కడి భూకంపమునో, ఎవరి యుద్ధమునో సూచనగా చూపి, తుదకు మన జేబులోని ఆధారు కార్డునైనను ప్రకటన గ్రంథపు క్రూరమృగము ముద్రగా లెక్కించి, “క్రీస్తు రాకడ గుమ్మములో నున్నది” అని ఘోషించునపుడు వారి కంఠమున భయము కన్న ఉత్సాహమే హెచ్చుగా ధ్వనించును.

ప్రళయములు మాకు క్రొత్తవి కావు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి బ్రద్దలై 65 దినములు అగ్నిస్తంభమై మండినది. మరుసటి యేడు నవంబరు 6న తుపాను లెక్కకు మించిన కొబ్బరిచెట్లను కూల్చి, వందలాది ప్రాణములను గొన్నది. అగ్నియు, జలమును, వాయువును వరుసగా వచ్చి పోయిన పిమ్మట మా రైతులు చేసినది గ్రంథశోధన కాదు. గోతులు త్రవ్వి కొబ్బరిమొక్కలు నాటుట.

మత్తయి సువార్త 24వ అధ్యాయమున యుద్ధములు, కరవులు, భూకంపములు వేదనలకు ఆరంభమాత్రములనియు, వానిని చూచి కలవరపడరాదనియు, ఆ దినము దేవదూతలకు సైతము తెలియదనియు స్పష్టముగా నున్నది. కలవరపడవలదని చెప్పిన జాబితానే కలవరపెట్టుటకు పనిముట్టుగా వాడుట అసామాన్య ప్రతిభ! అమెరికాలో మిల్లరను రైతు బోధను అనుసరించినవారు అంత్యదినము 1844 అక్టోబరు 22 అని నిర్ణయింపగా, నమ్మిన వారిలో కొందరు పండిన పంటను పొలముననే విడిచిరి. కేంపింగను ఇంజనీరు 2011 మే 21 అని, అది తప్పగా అక్టోబరు 21 అని, అదియు తప్పగా మరుసటి యేట తన తప్పు నొప్పుకొనెను. ఒప్పుకొను ఆ ఘట్టము మాత్రము మా పందిళ్ళ దాక రాలేదు.

విశ్వాసులు మహాశ్రమలకు ముందే ఎత్తబడుదురను బోధను వ్యాపింపజేసిన డార్బీయు, 1836లో ఇంగ్లండు విడిచి, వసిష్ఠ గోదావరికి ఆవలి గట్టున నరసాపురము చేరిన మిషనరీలు బౌడెన్, బీరు దొరలును ఒకే సహోదర (బ్రదరెన్) సమాజమువారు. ఆ దొరలు రాకడకై ఎదురుచూడలేదని యనజాలము. కాని తెలుగు నేర్చి, ఏండ్ల తరబడి ఇచ్చటనే సేవ చేసిరి. రేపే అంతమని తేదీ వ్రాసికొన్నవాడు గుణింతములు దిద్దునా? రాకడ పేరు చెప్పియే కాబోలు పని మానిన థెస్సలొనీకవారిని పౌలు మందలించినదియు ఇందులకే. ఎదురుచూపు విశ్వాసము, తేదీ పెట్టుట పంచాంగము.

మొన్నటి కూటముల ముగింపురాత్రి, ఈ యేడు దాటదని శపథము చేసి వేదిక దిగిన ప్రసంగీకుడు చెమట తుడుచుకొనుచు పందిరివానిని ప్రక్కకు పిలువగా, ఆ దీనునికి కడపటి ఉపదేశమేమి సేయునో యని నేను చెవి యొగ్గితిని. ఆయన జేబునుండి నోట్లు తీసి లెక్కించి, వచ్చే యేటి కూటములకు బయానా యిచ్చెను. రసీదు మాత్రము మరువక పుచ్చుకొనెను.