రెండు నీలం టిక్కుల వైద్యవిద్య

షుగరు ఉన్న పెద్దవాళ్లకు ఆ జబ్బుతో నెట్టుకురావడం ఎలాగో ఫోనులో నేర్పే విద్యను దూర ఆరోగ్యబోధ అంటారు. ఇందులో గురువు నగరంలో, శిష్యురాలు పడమటి ప్రకాశంలో, పాఠం ఆకాశంలో ఉంటాయి.

ఈ విద్యకు మూలసూత్రం ఒక్కటే: పంపితే నేర్పినట్టే. సందేశం పక్కన రెండు టిక్కులు నీలం తిరిగితే శిష్యురాలు పాసైనట్టు. చంద్రశేఖరపురం వైపు అరవై దాటిన మనిషి దగ్గర ఉండేది చాలాసార్లు బటన్ల ఫోను. ఆసుపత్రి చీటీ మీద రాయించే నంబరు బెంగళూరులో బేల్దారి పనికి పోయిన కొడుకుది. అందుచేత షుగరు తల్లికి, చదువు కొడుక్కి. కాళ్లకు పుండ్లు పడకుండా చూసుకోవడంలో అతను ఆరితేరుతున్నాడు.

పాఠ్యాంశాల్లో మొదటిది నడక. పార్కులో నడవమంటారు; పార్కు ఎక్కడుందో చెప్పరు. రెండోది తిండి. కొర్రలు, సజ్జలు, జొన్నలు పండించిన ఊళ్లను రేషను బియ్యానికి అలవాటు చేశాక, అవే కొర్రలను రంగుల ప్యాకెట్లో పెట్టి 'సూపర్ ఫుడ్' అని పరిచయం చేస్తారు. మూడోది నీళ్లు: బాగా తాగండి. కనిగిరి ప్రాంతం ఫ్లోరైడు నీళ్లకు పేరుమోసిందన్న సంగతి మాత్రం ఏ సందేశంలోనూ ఉండదు.

అసలు పాఠం వేరే ఉంది. శనివారం ఒక్కపొద్దు ఉంటూనే చక్కెర తగ్గించే గ్లిమిపిరైడ్ బిళ్ల వేసుకున్న మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికితే అది తరచు చక్కెర పడిపోవడమే. 70 కంటే దిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. 'చక్కెర విషం' అన్న ముక్క ఏడాదిపాటు విన్న మనిషి ఆ పూట పంచదార ముట్టదు. బాగా చదివిన శిష్యులకే ఈ ప్రమాదం ఎక్కువ. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ సీసాను ఎండ తగలని మూల, తడి ఇసుక పోసిన మట్టికుండలో పెట్టుకోవచ్చనీ, నీళ్లు సీసాలోకి దిగకూడదనీ ఎవరో ఒకరు చేసి చూపించాలి. ఫార్వర్డు మెసేజీకి చేతులుండవు.

ఎదురు అడిగితే బోధకులు 2013లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో వచ్చిన అధ్యయనాన్ని ముందుకు తోస్తారు. ఎ. రామచంద్రన్ బృందం దక్షిణ భారతంలో 537 మంది మగ ఉద్యోగుల మీద చేసిన పరీక్ష అది. రెండేళ్లలో మెసేజీలు అందినవాళ్లలో 18 శాతానికి, అందనివాళ్లలో 27 శాతానికి షుగరు వచ్చింది. ఫలితం నిజమే. కానీ పరీక్ష మొదలయ్యేనాటికి వాళ్లకు ఇంకా షుగరు లేదు, వచ్చే సూచనలే ఉన్నాయి. ముందు మనుషులు ఎదురుగా కూర్చుని చెప్పారు, ఆ తర్వాతే మెసేజీలు. అవి కూడా ఒక్కొక్కరి సంసిద్ధతను బట్టి, వాళ్లు కోరిన వేళకు వెళ్లాయి. ఈ వివరాలు పాఠంలోకి రావు, 18, 27 మాత్రం వస్తాయి.

2019లో మొదలైన ఈ-సంజీవని అనే ప్రభుత్వ దూరవైద్య సేవలో ఊరి క్లినిక్కు సిబ్బంది పక్కనుండి డాక్టరుకు రోగిని చూపిస్తారు. 'బిళ్ల ఎప్పుడు వేసుకున్నావమ్మా?' అని అడిగి జవాబు వినడానికి ఒక మనిషి అక్కడ ఉంటుంది. దూరబోధ వాళ్లు దీన్ని ఖర్చు కింద రాస్తారు. వాళ్ల నివేదికలో ఎన్ని మెసేజీలు పోయాయో లెక్క ఉంటుంది, ఎన్ని తెరుచుకున్నాయో లెక్క ఉంటుంది. మూడు నెలల చక్కెరను చెప్పే హెచ్‌బీఎవన్‌సీ పరీక్షకు గడి ఉండదు.