రెండో ఏనుగు

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో ఒకడుంటాడు. విజయనగరం మూడులాంతర్ల దగ్గర ఒకడుంటాడు. పలాసలోనో పార్వతీపురంలోనో లేడని ఎవరైనా అంటే, వాళ్ళు ఆ ఊరి టీకొట్టు ముందు సరిగ్గా నిలబడలేదనే అర్థం. అసలు పేరేదైనా ఊరందరికీ అతను సీక్వెల్ బాబాయే. మొదటి భాగాల జోలికి పోడు. అవి బాగున్నాయని చెప్పడానికి ఊరంతా ఉంది. ఇతని దగ్గరికొచ్చే కేసులన్నీ రెండో భాగాలవే.

తీర్పుకో పద్ధతుంది. బలాలు కుడిచేతి వేళ్ళ మీద, లోపాలు ఎడమచేతి వేళ్ళ మీద లెక్కపెడతాడు. కుడిచేతిలో టీ గ్లాసుంటుంది కనక, దాన్ని పట్టుకోగా మిగిలిన ఉంగరం వేలూ చిటికెన వేలూ మాత్రమే బలాలకి దక్కుతాయి. ఎంత గొప్ప దర్శకుడైనా అంతటితో సరిపెట్టుకోవాలి. ఎడమచెయ్యి మాత్రం ఎప్పుడూ ఖాళీయే. అయిదు వేళ్ళూ అయిపోతే కణుపులు మొదలుపెడతాడు.

కొలబద్ద వీరఘట్టానిది. అక్కడ పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నవాడు, సర్కస్ కంపెనీ నడిపినవాడు, కలియుగ భీముడనిపించుకున్నవాడు. సూపర్ హీరో అన్న మాట వినబడితే చాలు, బాబాయి ఆయన దగ్గర మొదలుపెడతాడు.

“గ్రాఫిక్స్ లేవు, తాడు లేదు. ఏనుగూ నిజమే, గుండే నిజమే. మరి సీక్వెలంటే ఏటి? మొదటి పార్టులో ఒకేనుగు ఎక్కినాది, జనం సప్పట్లు కొట్టినారు. అందుకని రెండో పార్టులో రెండేనుగుల్ని ఎక్కించీడం. గుండె ఒకటే గదరా!”

ఈ సిద్ధాంతంతో లోకంలోని సినిమాలన్నిటినీ ఉతికి ఆరేశాడు. 2007లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 3’లో శాండ్‌మ్యాన్, వెనమ్, గోబ్లిన్ కొడుకు, వెరసి మూడేనుగులు. కేసు కొట్టేశాడు. అదే 2004 నాటి రెండో భాగం సంగతెత్తితే మాత్రం టీ గ్లాసు బల్ల మీద పెట్టేస్తాడు. కుడిచేతి వేళ్ళన్నీ ఒకేసారి విడుదలయ్యే సందర్భం అదొక్కటే. “ఆ గుంటడికి ఇంటద్దె బాకీ. పిజ్జాలు మోసే ఉజ్జోగం ఊడిపోనాది. ఆకరికి శక్తీ పోనాది. ఏనుగుని దించీసి గుండెని సూపించినాడురా డైరెక్టరు!”

‘రోబో’ వచ్చిన ఎనిమిదేళ్ళకి, 2018లో శంకర్ తీసిన ‘2.0’ దగ్గర తీర్పు చీలిపోయింది. జేబుల్లోని సెల్‌ఫోన్లన్నీ ఎగిరిపోయి పెద్ద పక్షిగా మారడం ఒక బలం. అంతకన్నా పెద్ద బలం అక్షయ్ కుమార్ వేసిన పక్షిరాజు బాధ. ఆ ముసలాయన పిట్టల కోసం కుమిలిపోతుంటే బాబాయికి టెక్కలి దగ్గరి తేలినీలాపురం కళ్ళముందు కదిలింది. ఏటా అక్కడికి ఎంతో దూరం నుంచి గూడబాతులూ కొంగలూ వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి, ఊరివాళ్ళు వాటి రాకని శుభమనుకుంటారు. “ఆయన్ని మన తేలినీలాపురం తీసుకొచ్చి రెండు పూటలు అన్నం పెట్టుంటే విలనయ్యీవోడే కాదు” అని తేల్చాడు. లోపమల్లా చిట్టిది. మొదటి భాగంలో ప్రేమించి, చెడిపోయి, చివరికి తనని తానే విప్పేసుకున్న చిట్టి, ఇందులో పిలిస్తే వచ్చి, కొట్టమంటే కొట్టి, డ్యూటీ దిగిపోయాడు.

బాబాయి కీర్తి ఊరు దాటింది మాత్రం తెర మీదికి రాని సినిమాకిచ్చిన తీర్పుతో. 2024 సంక్రాంతికి, జనవరి 12న ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ విడుదలైంది. ఆఖర్న ‘జై హనుమాన్’ 2025లో అని తెర మీద పడింది. జనం కుర్చీల్లోంచి లేచేలోపే బాబాయి బయటికొచ్చి దాని లోపాలు మొదలుపెట్టేశాడు.

“బాబాయ్, ఆ సినిమా ఇంకా తియ్యనేలేదు గదా?” అన్నాడో కుర్రాడు.

“తియ్యకముందు సెప్తే సలహా, తీసినాక సెప్తే ఏడుపు. ఏది నయం?”

సలహాలో సరుకుంది. తేజ సజ్జా వేసిన హనుమంతుకి మణి మీద ఎండ పడితేనే బలం. పొద్దుగూకితే మనలాంటివాడే. ఎప్పుడు చీకటిపడి ఎప్పుడు దెబ్బలు తింటాడోనన్న భయమే కథని లాక్కొచ్చింది. “ఇప్పుడు దేవుడే దిగొచ్చీసినాడు. ఆయనకి పగలేటి, రాత్రేటి? ఓడిపోతాడేమోనని మనకి బెంగుండాల. బెంగ లేకపోతే టికెట్టెందుకు, గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టుకో.”

2024 అక్టోబరులో హనుమంతుడిగా రిషబ్ శెట్టి పోస్టరొచ్చినప్పుడు బాబాయి ఒక వేలు ముడిచాడు, అదీ కుడిచేతిది. తర్వాత 2025 వచ్చింది, వెళ్ళింది. సినిమా రాలేదు. అభిమానులు నీరసపడిపోయారు గానీ బాబాయి మొహం మాత్రం వెలిగిపోయింది. “నా మాట ఎవరో ఆళ్ళ సెవినేసినట్టున్నారు. కత మారుస్తన్నారు” అన్నాడు.

“మరి వచ్చాక చూస్తావా బాబాయ్?”

“మొదటిరోజు, మొదటాట. మన సలహా ఎంతవరకూ వాడుకున్నారో లెక్క సూసుకోవద్దేటి?”