నిరీక్షణానందులు

విశ్రాంత తహసీల్దారుగారు అమెరికాలోని కుమారుని యింట ఆరు మాసములు గడపవచ్చి, చలికిని, మనుష్యుడు కానరాని వీధులకును, తీరికలేని మనుమలకును విసిగి వేసారి, మూడవ వారమున ఆ యూరి పౌరగ్రంథాలయమున అడుగిడి, పుస్తకములతోపాటు సరిక్రొత్త చలనచిత్రముల డీవీడీలను సైతము చిల్లిగవ్వ పుచ్చుకొనక ఇంటికిత్తురని విన్నది మొదలు ఆ దేశమును మెచ్చుకొనజొచ్చిరి. ఇట్టివారు న్యూజెర్సీలోనేమి, టెక్సాసులోనేమి, తెలుగువారి యిండ్లలో ఋతువునకొకరు వెలయుచుందురు, నేనెరిగినవారు వీరు.

ఒక నవలను చౌకగా అమ్మిన దుకాణముపై ప్రచురణకర్తలు తెచ్చిన వ్యాజ్యమున, ఒకసారి అమ్ముకొన్న ప్రతిపై వారికిక పెత్తనము లేదని అచటి సర్వోన్నత న్యాయస్థానము 1908లో తీర్పుచెప్పినదనియు, ఆ న్యాయము చట్టమునకెక్కుటచేతనే నేడు గ్రంథాలయములు కొన్న డిస్కులను నిరాటంకముగా ఎరువిచ్చుచున్నవనియు వారు రెండు దినములలో ఆరాతీసిరి. షికాగో గ్రంథాలయము 2019లో ఆలస్య రుసుమును ఎత్తివేసినదనియు, తమ యూరిదియు ఆ త్రోవనే పోయినదనియు తెలిసినపుడు మాత్రము, జరిమానా లేని పరిపాలన యేమి పరిపాలన యని ఒకపూట అన్నము సహించలేదు.

క్రొత్త చిత్రమునకు ప్రతులు కొన్నియే, కోరువారు పెక్కండ్రు. కావున పేరు వ్రాయించుకొని వరుసలో నిలువవలెను. దీనిని హోల్డు అందురు. ముప్పది యేండ్లు అర్జీదారులను రేపు రమ్మన్న ఆ మహానుభావుడు ఇపుడు తానే అర్జీదారుడై, ఉదయమున కాఫీకి ముందు కుమారుని కార్డుపై తన స్థానమును చూచుకొని, "అమ్మాయ్, నలభై ఏడు నుంచి ముప్పై ఒకటికి వచ్చాను" అని కోడలికి చాటుదురు.

"నాన్నగారూ, ఆ సినిమా మన టీవీలోనే ఉంది, మీట నొక్కితే చాలు" అని కుమారుడొకనాడు నోరుజారెను.

"మీట నొక్కితే వచ్చేదానికి వరుసేదిరా? ఫైలు కదలాలి!"

తుదకు డిస్కు చేతికందిన రాత్రి, దానిపై గీతలున్నవేమోయని దీపమునకెత్తి పరీక్షించి, గడువు తేదీని రెండుమార్లు చదివి, నటుల పేర్లు పూర్తిగా పడకమునుపే గుఱక పెట్టుదురు. ఆంగ్లమెరుగని యిల్లాలు చిత్రమును కడదాక చూచి, మరునాడు కథ చెప్పును. ఆ కథ అసలుదానికంటె బాగుండునని కోడలి వాదము.

తిరుగు ప్రయాణమునకు నాలుగు దినములున్నవనగా, మరియొక చిత్రమునకు వారింకను పదునొకండవ స్థానముననే యుండిరి. విమానపు టిక్కెట్టు ఖాయమైపోయినదని కుమారుడు చెప్పగా, అందును వెయిటింగు లిస్టు లేకపోయెగదా యని మిక్కిలి చింతించిరి.